కొర్రమీను పిల్లలకు తేలే మేత: రెండో సీజన్ కూడా వాడాక

సంచి మీద ప్రొటీన్ 45 శాతం అని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా, గుళిక పిల్ల నోట్లో పట్టకపోతే ఆ డబ్బులు నీళ్లపాలే. ఈ మేతతో నా గొడవంతా ఇక్కడే. పోయినేడు అడిగిన ప్రతి ఒక్కరికీ ఇదే కొనండి అని చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు గానీ, అప్పుడు చెప్పనిది కొంత ఉంది. కంపెనీ పేరు ఎందుకులెండి, పొడి, నూక, 1.2 ఎంఎం, 2 ఎంఎం అని సైజుల వారీగా అమ్మే ఏ మేత కొన్నా ఇది చూసుకోవాల్సిందే.

ముందు నచ్చింది చెప్తాను. కీసర వైపు మాకున్నవి టార్పాలిన్ ట్యాంకులు. నీళ్లు కాస్త పచ్చబడ్డాయంటే జానెడు లోతులో ఏముందో కనపడదు. మునిగే మేత వేసిన రోజుల్లో పిల్లలు తిన్నాయా, అడుగున కుళ్లుతోందా అన్నది వాసన వచ్చాక గానీ తెలిసేది కాదు. ఇది తేలుతుంది కాబట్టి తినాలంటే పిల్లలు పైకి రావాల్సిందే. గుప్పెడు చల్లగానే ఎసరు మరిగినట్టు నీళ్లు కదులుతాయి, ఆ సందడి పలచబడగానే చేయి ఆపేస్తాం, అంతే. బరువులో ఇంత శాతం అని పట్టికలు ఉంటాయి, మొదట్లో పదో వంతు దాకా వేసి పెరిగేకొద్దీ తగ్గించమంటారు, అవీ చూస్తాను, కానీ కళ్లతో చూసి వేసేదాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. డిసెంబరు చలికి పొద్దున పూట పైకి రాకపోతే ఎండ ఎక్కేదాకా ఆగుతాను. మునిగే మేతతో ఈ సంగతి పట్టుకోవడం కష్టం.

పొడి రకం కూడా బాగుంది. పిల్లలు గుడ్లలోంచి వచ్చి పొట్ట కింది సొన కరిగిపోయాక ప్రాణమున్న మేతకే నోరు తెరుస్తాయి. చెరువులోనైతే ఎర్రగా గుంపు కట్టి, కింద పెద్ద చేప కాపలా కాస్తుంటే నీళ్లలోని సన్న పురుగుల్ని ఏరుకుని తింటాయి. మన దగ్గర ఆ పని ఆర్టీమియా, మొయినా అనే సన్న నీటి పురుగులు చేయాలి. ఆర్టీమియా గుడ్లు ఉప్పునీళ్లలో ఒక రోజుకే పగులుతాయి, వచ్చిన పిల్ల అర మిల్లీమీటరు కూడా ఉండదు, గుడ్డులోంచి బయటికొచ్చిన కొద్ది గంటల్లోనే మేతగా వేయాలి, ఆలస్యమైతే అందులో ఉన్న సారం అదే ఖర్చు పెట్టేసుకుంటుంది. అక్కడి నుంచి పొడి మేతకి మళ్లించడమే అసలు కష్టం. ఈ పొడికి చేపపిండి వాసన గట్టిగా ఉంది, మొయినాతో కలిపి ముద్ద చేసి పెడితే నేను అనుకున్నదానికంటే తొందరగా దానికి అలవాటు పడ్డాయి.

ఇక అసలు సంగతి. జూలైలో నూక సైజు అయిపోవచ్చింది, తర్వాత 1.2 రావాలి. డీలర్ దగ్గరికి పోతే, "1.2 స్టాక్ లేదన్నా, ఎప్పుడొస్తదో చెప్పలేను. 2 ఎంఎం తీస్కపో, అదే మేత, కొంచెం పెద్దగుంటది అంతే" అన్నాడు. కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి వైపు నుంచి కూడా అదే పాట, ప్రొటీన్ ఒక్కటే సార్, ఏం కాదు అని. ట్యాంకులో ఆకలితో పిల్లలున్నాయి, వేరే ఫీడ్‌కి అలవాటు చేయడానికి టైం లేదు. అదే తెచ్చాం.

మొదటి రోజే తేడా కనపడింది. ట్యాంకు అంచున కూర్చుని చూస్తే, చిన్న పిల్ల గుళిక పట్టుకుంటుంది, వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ ఉమ్మేస్తుంది. ఈలోపు కాస్త నోరు పెద్దదైనది వచ్చి దాన్ని మింగిపోతుంది. నానిన గుళికల చుట్టూ నూనె చాయ పరుచుకుంటోంది, తినేవి మాత్రం అవే కొన్ని. వారం తిరిగేసరికి ఒకే ఈడు పిల్లల్లో కొన్ని వేలంత, కొన్ని ఇంకా అగ్గిపుల్ల పొడవే. కొర్రమీనులో ఇంత తేడా వచ్చిందంటే ఇక ఒకదాన్నొకటి తినడం మొదలే. పైగా చచ్చినవి తేలవు, తిన్నదాని కడుపులో ఉంటాయి. ట్యాంకు శుభ్రంగా, ప్రశాంతంగా కనపడుతూ ఉంటుంది, వల వేస్తే మాత్రం పిల్లలు తగ్గిపోయి ఉంటాయి. ఒకటి తన సైజు దాన్నే మింగబోయి, తోక బయటికి వేలాడుతూ ఊపిరాడక చచ్చింది, రెండూ పోయాయి. అది చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా దగ్గర పనిచేసే పెద్దాయన, "ముందు పెద్దవాటిని వేరు చెయ్యి బిడ్డా, మేత సంగతి తర్వాత" అన్నాడు. నిజమే. రంధ్రాల బుట్టలో వడగట్టి మూడు సైజులుగా విడదీశాం. మిగిలిన 2 ఎంఎంని మిక్సీలో వేస్తే సగం నూక, సగం పిండి. ఆ గుళిక ఎక్స్‌ట్రూడర్‌లో, అంటే పిండిని వేడితో ఒత్తి గుళికలు చేసే మెషిన్‌లో, ఉడికి పొంగింది కాబట్టే తేలుతుంది, పగలగొట్టాక తొందరగా నానుతుంది, విటమిన్లు నీళ్లలో కలిసిపోతాయి, పిండి అడుగున చేరి అమ్మోనియా పెరుగుతుంది. కొర్రమీను గాలి పీలుస్తుంది కదా, ఏ నీళ్లైనా తట్టుకుంటుంది అనుకోవద్దు, మరీ చిన్న పిల్లలకు ఆ అలవాటు ఇంకా పూర్తిగా రాదు. జల్లెడ పట్టి, పిండి తీసేసి, నూక మాత్రం వేసి 1.2 వచ్చేదాకా నెట్టుకొచ్చాం. ఆ 1.2 సంచిలో కూడా గుళికలన్నీ ఒక్క సైజు కాదు, అడుగున గుప్పెళ్ల కొద్దీ పొడి. ఇంత రేటు పెట్టి కొన్న మేతని ఇంట్లో జల్లించుకోవాలా? ఇది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

సైజు తేడాకి కట్టే ధర అమ్మేటప్పుడు తెలుస్తుంది. అందరం మృగశిర కార్తెని చూసుకునే పెంచుతాం, జూన్‌లో ఆ రోజు హైదరాబాద్‌లో రాంనగర్, ముషీరాబాద్ చేపల మార్కెట్లలో కొర్రమీనుకి ఉండే గిరాకీ మీకు తెలిసిందే. కొనేవాడు పెద్దవి ఏరుకుంటాడు, జూలైలో వెనకబడ్డ పిల్లలు అప్పటికీ చిన్నగానే ఉండి ఆ గిరాకీ అందుకోలేవు.

ఇప్పుడు సైజు మార్చేటప్పుడు పాతది, కొత్తది వారం పాటు కలిపి వేస్తున్నాం, చిన్నవాటికి తగ్గ సైజు ముందు చల్లి కాసేపు ఆగి పెద్దది వేస్తాం, ఒక్క మూలన కాకుండా ట్యాంకంతా చల్లుతాం, ఎందుకంటే మూలని బలమైనవి ఆక్రమించేస్తాయి. వానాకాలంలో సంచి తెరిచాక తొందరగా వాడెయ్యాలి, తేమ తగిలి బూజు పట్టిందంటే పిల్లలకు పెట్టకండి. నాలాంటి చిన్న ట్యాంకుల వాళ్లకు చిన్న సంచులు ఇస్తే బాగుండు.

బొచ్చె, రోహు పిల్లల్ని మట్టి చెరువులో పెంచేవాళ్లకైతే ఈ తలనొప్పి లేదు. పేడ వేసి నీళ్లలో పురుగు పుట్టించి, పైన వేరుశనగ చెక్క, తవుడు సమానంగా పొడి చేసి చల్లితే నర్సరీ దశ దాటిపోతుంది, అవి ఒకదాన్నొకటి తినవు. వాళ్లు ఈ రేటు పెట్టక్కర్లేదు.

కొర్రమీనుకి మాత్రం, రోజూ పొద్దున సాయంత్రం ట్యాంకు దగ్గర నిలబడే ఓపిక ఉంటే కొనొచ్చు. నేను పొడి, నూక ఈసారి కూడా ఇదే కంపెనీవి తీసుకుంటాను. 1.2 సంచి చేతికొచ్చి, తెరిచి చూశాకే సీడ్, అంటే చేప పిల్లల్ని, ట్యాంకులో దింపుతాను. డీలర్ ఆ మాట ఇవ్వకపోతే, రేటు ఎక్కువైనా వేరే కంపెనీకి మారుతాను.