షా నుంచి షేవియన్ దాకా: ఎటిమాన్‌లైన్ ఎంతవరకు పనికొస్తుంది?

ఇంటిపేర్ల నుంచి పుట్టిన ఇంగ్లీషు విశేషణాల మూలం వెతకడానికి ఎటిమాన్‌లైన్ మంచి మొదటి మెట్టు. డగ్లస్ హార్పర్ ఒక్కడే పూనుకుని మొదలుపెట్టిన, మాటల పుట్టుక చెప్పే ఉచిత ఆన్‌లైన్ నిఘంటువు ఇది.

షేవియన్ (అంటే నాటకకర్త షాకు సంబంధించిన) అనే మాటనే తీసుకోండి. జార్జ్ బెర్నార్డ్ షా పేరు పలికితే ఎక్కడా వినపడని వకారం విశేషణంలోకి ఎలా వచ్చింది? ఆ పేరు రాతలో డబ్ల్యూతో ముగుస్తుంది. ప్రాచీన లాటిన్‌కి ఆ అక్షరం లేదు. పేరును లాటిన్ పోతలో పోస్తే డబ్ల్యూ చోట వి చేరి షేవియస్ అయింది, అక్కణ్ణుంచి షేవియన్. ఇంగ్లీషు నాటకకర్త మార్లో పేరు మార్లోవియన్ అయిందీ ఇలాగే. ఈ పద్ధతి ఒకసారి పట్టుబడితే మిగతావి మీరే ఊహించొచ్చు.

వెతికేటప్పుడు విశేషణంతో ఆగిపోవద్దు. ప్రత్యయాన్నీ విడిగా వెతకండి. రచయిత కాఫ్కా పేరు మీద వచ్చిన కాఫ్కాయెస్క్‌లోని ఎస్క్ ఫ్రెంచి మీదుగా ఇటాలియన్ ఎస్కో నుంచి వచ్చింది. దాని వేరు జర్మానిక్ భాషల్లో ఉంది, ఇంగ్లీషు ప్రత్యయం ఇష్‌కి చుట్టమే. తర్వాత ఇంటిపేరును మామూలు నామవాచకంగా కొట్టి చూడండి. షా అంటే పాత ఇంగ్లీషులో చిన్న తోపు.

చిక్కంతా సంవత్సరాలతోనే. అక్కడ కనిపించే ఏడాది మాట పుట్టిన రోజు కాదు, ఇప్పటిదాకా దొరికిన తొలి రాత ఆధారం మాత్రమే. ఇంకా పాత కాగితం బయటపడితే అది వెనక్కి జరుగుతుంది. హార్పర్ ఎక్కువగా అచ్చు నిఘంటువులను ఆధారం చేసుకున్నాడు కాబట్టి, వేరేచోట ఇంకో ఏడాది కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

అర్థం మారిన తీరు తెలుసుకోవాలంటే ఇది చాలదు. ఆర్వెలియన్ అంటే రచయిత జార్జ్ ఆర్వెల్ మెచ్చిన పాలన కాదు, ఆయన భయపడిన పాలన. పైగా ఆర్వెల్ కలం పేరు, అసలు పేరు ఎరిక్ బ్లెయిర్. అంటే ఈ విశేషణం పుట్టింది తెచ్చిపెట్టుకున్న ఇంటిపేరు నుంచి! ఏ అర్థం ముందు, ఏది తర్వాత అని తేల్చాలంటే వాడుక వాక్యాలు కాలక్రమంలో ఉండాలి. ఆ పని ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువుది. దానికి చందా కట్టాలి. కొన్ని గ్రంథాలయాల సభ్యులకు ఉచితంగానే దొరుకుతుంది, అడిగి చూడండి.

క్విజ్‌కో, తరగతి పాఠానికో ఎటిమాన్‌లైన్ సరిపోతుంది. ఏడాదిని వ్యాసంలో ఉటంకించాలనుకుంటే మాత్రం ఆక్స్‌ఫర్డ్‌లో సరిచూసుకోకుండా రాయొద్దు.