జంట చర్చ, ఓటు కార్డులు, జిగ్సా: క్లాసులో ఏది మేలు?

పాఠం మధ్యలో పిల్లల చేత ఏదైనా చేయిద్దాం అనుకోగానే ఎక్కువమంది టీచర్లకు తట్టేది క్విజ్ పోటీ. క్లాసును రెండు జట్లు చేసి, ప్రశ్న వేసి, ముందు చెయ్యెత్తినవాళ్ల చేత చెప్పించి, బోర్డు మీద మార్కులు వేస్తూ పోతారు. సందడిగా ఉంటుంది, గంట కొట్టేసరికి అందరి ముఖాలూ వెలిగిపోతుంటాయి. అయితే ప్రశ్నకు ఒక్కరే జవాబు చెబుతారు. 40 మందిలో 39 మందికి ఆ క్షణంలో ఆలోచించాల్సిన అవసరమే ఉండదు. పైగా చెయ్యెత్తేది రోజూ ఎత్తే నలుగురైదుగురే. మొబైల్‌తో ఆడించే కహూత్ లాంటి ఆటల్లో అందరూ జవాబు నొక్కుతారు, నిజమే. కానీ అక్కడ వేగాన్ని బట్టి మార్కులు పెరుగుతాయి కాబట్టి, నిదానంగా ఆలోచించే పిల్ల ప్రశ్న పూర్తిగా చదవకుండానే ఏదో ఒకటి నొక్కడం నేర్చుకుంటుంది. ఆ ఆట పెట్టేటప్పుడు సెట్టింగుల్లో వేగానికి మార్కులు లేకుండా మార్చుకుంటే చాలావరకు కుదురుతుంది.

అందుకే ఇక్కడ పోల్చే మూడింటినీ ఒకే కొలతతో చూద్దాం. ఈ నిమిషంలో ఎంతమంది బుర్రలు పనిచేస్తున్నాయి? జంట చర్చ, ఓటు కార్డులు, జిగ్సా మూడూ ఆ కొలతకు నిలబడేవే. తేడా అంతా ఏ పాఠానికి ఏది పెడతాం అన్న దగ్గరే వస్తుంది.

జంట చర్చ

థింక్-పెయిర్-షేర్ అని అందరూ అనే ఈ పద్ధతిని 1981లో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ లైమన్ ఒక రూపానికి తెచ్చారు. ముందు ఎవరికి వాళ్లు ఆలోచించుకోవాలి, తర్వాత పక్కవాళ్లతో మాట్లాడాలి, ఆ తర్వాతే క్లాసుకు చెప్పాలి. చూడ్డానికి ఇంతే. అందుకే దీన్ని సగం సగం చేసేవాళ్లు ఎక్కువ.

మొట్టమొదట ఎగిరిపోయేది ఆలోచించే నిమిషం. ప్రశ్న వేసి వెంటనే "పక్కవాళ్లతో మాట్లాడండి" అంటే, చురుకైన పిల్లవాడు చెప్పేస్తాడు, రెండోవాడు తలూపుతాడు. టీచర్లు ప్రశ్న వేశాక సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారని, 3 సెకన్లు దాటి ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు కూడా నోరు విప్పుతారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే క్లాసుల టేపు రికార్డింగులు విని చూపించారు. జంట చర్చకు 3 సెకన్లు కూడా చాలవు. పూర్తిగా 1 నిమిషం మాటల్లేకుండా ఉండాలి, ఆ నిమిషంలో నోట్‌బుక్‌లో ఒక్క వాక్యమైనా పడాలి. రాసినదాన్ని పక్కవాడి మాట విని ఇట్టే మార్చుకోరు. అదే మనకు కావాల్సింది.

తర్వాత జంటకు 2 నిమిషాలు. దాన్ని కూడా వదిలేయకుండా పంచాలి. కిటికీ వైపు కూర్చున్నవాళ్లు మొదటి నిమిషం చెబుతారు, రెండోవాళ్లు వింటారు. చప్పట్లు కొట్టగానే మారతారు. బేసి సంఖ్య వస్తే ఒక చోట ముగ్గురు కూర్చుంటారు, వాళ్లకు ఇంకో అర నిమిషం. చివర్లో క్లాసుకు చెప్పించేటప్పుడు "నువ్వేమనుకున్నావు?" అని అడిగితే బిడియస్తులు ముడుచుకుపోతారు. "నీ పక్కమ్మాయి ఏం చెప్పింది?" అని అడిగి చూడండి. తప్పు అయినా అది తనది కాదు కాబట్టి భయం తగ్గుతుంది. అలా అడుగుతారని తెలిస్తే వినడమూ బాగుపడుతుంది.

అన్ని జంటల చేతా చెప్పించాలన్న ఆశ మాత్రం వదులుకోవాలి. 20 జంటలకు అర నిమిషం చొప్పున ఇచ్చినా 10 నిమిషాలు పోతాయి, ఐదో జంట దగ్గరికే క్లాసు వినడం మానేస్తుంది. మూడు జంటలు చాలు. ఎవరి మాటల్లో తేడా ఉందో బెంచీల మధ్య తిరుగుతూ విని, వాళ్లనే ఎంచుకోవాలి.

దీనికి ప్రశ్న కుదరడమే ప్రాణం. "కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటి?" అంటే పుస్తకంలో వాక్యం అప్పజెబుతారు, చర్చించడానికి ఏమీ లేదు. "కుండీలో చిన్న మొక్క పెద్ద చెట్టయింది. ఆ పెరిగిన బరువు ఎక్కడినుంచి వచ్చింది?" అంటే ఒకరు మట్టి అంటారు, ఒకరు నీళ్లంటారు, గాలి అన్నవాళ్లు నమ్మకం లేకుండా అంటారు. ఆ బరువులో ఎక్కువ భాగం గాలిలోని కార్బన్ డయాక్సైడ్, నీళ్లే అని చివర్లో చెప్పినప్పుడు చెవి పెట్టి వింటారు. ఎందుకంటే అప్పటికే ఒక పక్షం తీసుకున్నారు.

ఓటు కార్డులు

జంట చర్చలో పెద్ద లోటు ఒకటుంది. మూడు జంటల మాటే మనకు వినబడుతుంది, మిగతా క్లాసు ఏ అభిప్రాయంతో ఉందో తెలియదు. ఓటు కార్డులు ఆ లోటు తీరుస్తాయి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి ఈ పద్ధతిని పెంచి పెద్ద చేశారు. దీని వెనక లెక్క ఇలా సాగుతుంది: ప్రశ్న వేయాలి, ఎవరితోనూ మాట్లాడకుండా అందరూ ఒకేసారి ఓటు వేయాలి. సరైన జవాబు 30 శాతం కంటే తక్కువ మంది పట్టుకుంటే చర్చ పెట్టడం దండగ, ఆ భాగం మళ్లీ చెప్పాలి. 70 శాతం దాటితే రెండు మాటల్లో ముగించి ముందుకెళ్లాలి. ఆ రెండింటి మధ్య ఉంటే, వేరే జవాబు వేసినవాళ్లతో 2-3 నిమిషాలు వాదించుకోనిచ్చి, మళ్లీ ఓటు వేయించాలి.

కావాల్సిన సరంజామా ఒక్కో పిల్లకు ఒక ఎ4 కాగితం. దాన్ని రెండుసార్లు మడిస్తే నాలుగు గళ్లు వస్తాయి, గడికో పెద్ద అక్షరం: ఎ, బి, సి, డి. కావలసిన గడి పైకి కనబడేలా మడిచి పట్టుకుంటారు. కాగితం లేకపోతే వేళ్లు చాలు, 1 నుంచి 4 దాకా. రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఒకటి, "ఒకటి, రెండు, మూడు" అన్నాకే అందరూ ఒకేసారి చూపాలి. రెండు, చేతులు తల మీదికి ఎత్తకుండా గుండెకు ఆనించి పట్టుకోవాలి. తల మీదికి ఎత్తితే వెనక బెంచీలవాళ్లు ముందు బెంచీ చూసి మార్చేస్తారు, మీకు కనబడే సరైన జవాబుల్లో చాలావరకు నకలే కావొచ్చు. ప్లికర్స్ లాంటి యాప్ ఉంటే పిల్లలు అచ్చువేసిన గుర్తుల కార్డు పట్టుకుంటారు, టీచర్ ఒక్క ఫోన్‌తో స్కాన్ చేస్తే లెక్క వచ్చేస్తుంది. ఎవరి కార్డు వాళ్లకు వేరుగా ఉంటుంది కాబట్టి నకలు కొట్టడం కష్టం. అయినా రోజువారీ వాడకానికి కాగితమే వేగం.

అసలు కష్టం ప్రశ్న తయారీలో ఉంది. దీన్ని దగ్గరగా చూడాలి. దశాంశాలు నేర్పాక, "వీటిలో ఏది పెద్దది: 0.6, 0.45, 0.128?" అని అడిగారనుకోండి. 90 శాతం మంది 0.6 అన్నారు. సంతోషించేలోగా ఆగండి. దశాంశాల్లో పిల్లలకు రెండు రకాల పొరపాటు నమ్మకాలుంటాయి. కొందరు చుక్క తర్వాత అంకెలను మామూలు సంఖ్యలా చదివి, 128 పెద్దది కాబట్టి 0.128 పెద్దదంటారు. ఇంకొందరు తిరగేసి నమ్ముతారు: పదో వంతు పెద్ద ముక్క, వెయ్యో వంతు చిన్న ముక్క, కాబట్టి అంకెలు ఎంత తక్కువుంటే సంఖ్య అంత పెద్దది. ఈ రెండోవాళ్లందరూ పై ప్రశ్నకు 0.6 అనే చెబుతారు. జవాబు ఒప్పు, లోపలున్నది తప్పు.

ఇప్పుడు అంకెలు మార్చండి: 0.3, 0.45, 0.128. పొడవైనదే పెద్దదనుకునేవాళ్లు 0.128 ఎత్తుతారు, పొట్టిదే పెద్దదనుకునేవాళ్లు 0.3 ఎత్తుతారు, స్థానవిలువ తెలిసినవాళ్లు 0.45 ఎత్తుతారు. మూడు కార్డులు, మూడు ఆలోచనలు. గది అంతా ఒక్క చూపులో చదివేయొచ్చు. ½ + ⅓ కూడా అలాంటిదే. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపినవాడు 2/5 అంటాడు, కూడికకు బదులు గుణించినవాడు 1/6 అంటాడు, హారం 6 చేసి లవాలు మార్చడం మరిచినవాడు 2/6 అంటాడు. సరైనది 5/6. నాలుగు గళ్లకూ పని ఉంది. ఎవరూ ఎన్నుకోని ఐచ్ఛికం పెడితే ఆ గడి వృథా.

ఇలాంటి ప్రశ్న ఒకటి కుదరడానికి ఇంట్లో పావుగంట పడుతుంది. దొంగదారి ఒకటుంది. నిరుడు పరీక్ష పేపర్లలో పిల్లలు నిజంగా రాసిన తప్పులే ఐచ్ఛికాలుగా పెట్టేయండి. వాటికన్నా మంచివి ఎవరూ కల్పించలేరు.

మొదటి ఓటు తర్వాత నోరు జారడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. "చాలామంది బి అన్నారు" అంటే చాలు, రెండో ఓటులో క్లాసంతా బి వైపు వెళ్తుంది. లెక్క మనసులో పెట్టుకుని, "నీకన్నా వేరే జవాబు వేసినవాళ్లను వెతుక్కుని ఒప్పించు" అని మాత్రం అనాలి.

జిగ్సా

మూడింట్లో పేరు ఎక్కువగా వినిపించేది, ఎక్కువసార్లు బెడిసికొట్టేదీ ఇదే. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో, నల్ల, తెల్ల, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లలను ఒకే బడుల్లో కలిపిన కొత్తలో, పిల్లల మధ్య పగలు తగ్గించడానికి మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ అరాన్సన్ బృందం దీన్ని రూపొందించింది. పాఠాన్ని ముక్కలు చేసి గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. ఒకే ముక్క వచ్చినవాళ్లు ముందు ఒకచోట చేరి దాన్ని బాగా నేర్చుకుని, తర్వాత సొంత గుంపుకు వెళ్లి మిగతావాళ్లకు నేర్పుతారు. పక్కవాడు చెప్పకపోతే నాకు తెలియదు, కాబట్టి పక్కవాడి మాటకు విలువ పెరుగుతుంది. ఈ పద్ధతి పుట్టిన అవసరమే అది.

లెక్క ముందే వేసుకోకపోతే గందరగోళమే. 36 మంది, 4 ముక్కలు అనుకుందాం. నలుగురేసి 9 సొంత గుంపులు వస్తాయి, బాగుంది. కానీ ఒక్కో ముక్కకు 9 మంది చేరతారు. తొమ్మిది మంది గుంపులో ముగ్గురు మాట్లాడతారు, ఆరుగురు కూర్చుంటారు. ఆ తొమ్మిదిని నాలుగు, ఐదుగా చీల్చి ఒక్కో ముక్కకు రెండు గుంపులు పెట్టాలి. 38 మంది ఉంటే రెండు సొంత గుంపుల్లో ఐదుగురుంటారు, అక్కడ అన్నింటికన్నా కష్టమైన ముక్కను ఇద్దరు కలిసి చూస్తారు. ఆ రోజు బడికి రానివాళ్ల ముక్క ఎవరు చెప్పాలో అప్పుడు వెతుక్కోకూడదు. ప్రతి ముక్కదీ ఒక కాగితం అదనంగా దగ్గర పెట్టుకుంటే గుంపు మొత్తం కలిసి చదువుకుంటుంది.

45 నిమిషాల పీరియడ్‌లో కాలం ఇలా కరిగిపోతుంది: వివరించడానికి 3 నిమిషాలు, చదవడానికి 7, ముక్క గుంపుల్లో చర్చకు 10, సొంత గుంపులో ఒక్కొక్కరు 4 నిమిషాల చొప్పున చెప్పుకోవడానికి 16, చివర చిన్న పరీక్షకు 5, రెండుసార్లు లేచి కూర్చోవడానికి 4. సరిగ్గా 45. ఒక్క బెంచీ ఇరుక్కున్నా పరీక్ష ఎగిరిపోతుంది. పరీక్ష లేకపోతే ఎవరి ముక్క వాళ్లకే మిగులుతుంది. కాబట్టి రెండు వరుస పీరియడ్లు దొరికినప్పుడే పెట్టడం మంచిది, లేదా చదవడం ముందు రోజే ఇంటిపనిగా ఇచ్చేయాలి. పరీక్షలో కూడా ఎవరి ముక్క మీద వాళ్లకు కాకుండా అన్ని ముక్కల మీదా ప్రశ్నలుండాలి, ఎవరి పేపరు వాళ్లే రాయాలి.

అన్నిటికన్నా పెద్ద షరతు పాఠం స్వభావం. సౌరశక్తి, పవనశక్తి, జలశక్తి, బొగ్గు లాంటి నాలుగు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఆధారపడవు, జిగ్సాకు సరిగ్గా కుదురుతాయి. సమీకరణం సాధించడంలో మెట్లు అలా కావు. రెండో మెట్టు రాకపోతే మూడోది అర్థం కాదు. మూడో ముక్క వచ్చిన పిల్లవాడు మొదటి రెండూ తెలియకుండానే "నిపుణుడు" అయి కూర్చుంటాడు, తప్పును నమ్మకంగా నేర్పేస్తాడు. గణితానికి, వ్యాకరణ నియమాలకు జిగ్సా జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మరి ఏది?

ఒక్క పద్ధతే నేర్చుకునే తీరిక ఉంటే ఓటు కార్డులు నేర్చుకోండి. ఆలోచన, జంట చర్చ రెండూ అందులోనే ఇమిడి ఉన్నాయి, పైగా క్లాసు మొత్తం ఎక్కడుందో టీచరుకు అక్కడికక్కడే తెలుస్తుంది. గణితం, భౌతికశాస్త్రం, వ్యాకరణం లాంటి తప్పుడు నమ్మకాలు దాక్కునే చోట్ల దీనికి సాటి లేదు. కథ, కవిత, చరిత్ర లాంటి ఒక్క సరైన జవాబు లేని చోట మాత్రం కార్డు పనికిరాదు. "ఈ పాత్ర చేసింది న్యాయమేనా?" అన్నదాన్ని నాలుగు గళ్లలో ఇరికిస్తే చచ్చిపోతుంది. అక్కడ జంట చర్చే.

జిగ్సాకు నాలుగు కాగితాలు తయారుచేయడానికి ఒక సాయంత్రం పోతుంది కాబట్టి, ముక్కలుగా విడిపోయే పాఠం వచ్చినప్పుడు మాత్రమే, అంటే టర్మ్‌కు ఒకటి రెండుసార్లు పెట్టుకుంటే చాలు. కొత్త క్లాసులో పిల్లలు ఇంకా గ్రూపులు గ్రూపులుగా విడిపోయి ఉన్న మొదటి వారాల్లో అయితే, పాఠం కోసం కాకపోయినా వాళ్లను కలపడం కోసం ఆ సాయంత్రాన్ని ఖర్చు పెట్టొచ్చు. అప్పుడు సొంత గుంపులను పిల్లలకు వదలకుండా మీరే వేయండి, స్నేహితులు ఒకే ముక్కలోనూ పడకుండా జాబితా ముందే రాసి బోర్డు మీద పెట్టండి.

పెద్ద క్లాసులో, కదలని బెంచీల మీద మొదలుపెట్టేవాళ్లు రేపటి పాఠంలో ఒకే ఒక్క కార్డు ప్రశ్న వేసి చూడండి. మొదటి రోజు 8 నిమిషాలు పడుతుంది, అందులో సగం కాగితం మడవడానికే. వారం తిరిగేసరికి అదే పని 4 నిమిషాల్లో అవుతుంది.