మందు మీద కూడా జీఎస్టీ వేసిన బార్, జర చూసుకుని పోండి

ముందుగాల సారీ చెప్పాలె. ఫిబ్రవరిల ఒక బార్ అండ్ రెస్టారెంట్ గురించి మస్తు పొగిడి రాసిన, సికింద్రాబాద్ నుంచి ఉప్పల్ పోయే దారిలో ఉంటది, చదివినోళ్ళకి గుర్తుండే ఉంటది. చికెన్ 65 కరకరలాడుతుంది, కరివేపాకు అప్పుడే వేయించి వేసిన్రు, రేట్లు మనలాంటోళ్ళకి అందేటట్టే ఉన్నయి అని ఇంత పొడుగు రాసిన. అది చదివి పోయినోళ్ళకి బాగానే చేతి చమురు వదిలింది. ఇప్పుడు పేరు ఎందుకు రాస్తలేనంటే కంప్లైంట్ నడుస్తున్నది, అది తేలేదాకా ఇన్‌బాక్స్‌లో కూడా అడగకండి. పేరు కంటే వాళ్ళు చేసే పని తెలిస్తే మీకు ఎక్కువ పనికొస్తది, ఎందుకంటే ఈ పని చేసేది వాళ్ళొక్కళ్ళే కాదని నా డౌటు.

సంగతి ఎట్ల మొదలైందంటే, ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. ఫస్ట్ జీతం వచ్చిందని దోస్తులని తీస్కపోయిండంట, "అన్నా నీ పోస్ట్ చూసే పోయినం, గింత బిల్లు వస్తదనుకోలే" అని. నిజం చెప్తున్న, నేను లైట్ తీస్కున్న. ఆరుగురు పోరగాళ్ళు, కొత్త జీతం, ఎన్ని పెగ్గులు తాగిన్రో వాళ్ళకే తెల్వదులే అనుకున్న. తర్వాత పది రోజులకి ఇంకిద్దరు, వీళ్ళకీ వాళ్ళకీ సంబంధమే లేదు, అదే మాట. అప్పుడు గిల్టీగా అనిపించి నా పాత పోస్ట్ తీసి చదువుకుంటే నా తప్పు నాకే కనబడ్డది. నేను పోయింది మధ్యాహ్నం, కూసున్నది నాన్ ఏసీల, తాగింది ఒక్క బీరు. 650 ఎంఎల్ సీసా, మూత నా ముందే తీసిండు, అందుల మోసం చెయ్యనీకి ఏముంటది? ఆ ఒక్క బీరు, ఒక చికెన్ 65, ఒక బిర్యానీ మీద మొత్తం బార్‌కి సర్టిఫికెట్ ఇచ్చేసిన.

అందుకని ఈసారి శనివారం రాత్రి, ఏసీ సెక్షన్‌లో, మా బావమరిదిని వెంటేసుకుని పోయిన. వాడు నాంపల్లిల ఒక ట్యాక్స్ ఆఫీసుల పని చేస్తడు, బిల్లు చదవడం వాడికి పేపర్ చదివినట్టు. బండి తియ్యలే, మెట్రోలనే పోయినం, తాగి నడిపి దొరికితే ఫస్ట్ టైమే పది వేల దాకా ఫైన్. ఇంకోటి, నవ్వకండి, జేబుల స్టీల్ కొలత గ్లాసు పెట్టుకున్న. బేగంబజార్‌ల సామాన్ల షాపులో దొరుకుతది, ఒక దిక్కు 30 ఎంఎల్, అంటే స్మాల్ పెగ్గు, తిప్పితే 60, అంటే లార్జ్.

ఏసీ మెనూ వేరే, రేట్లు వేరే. అది తప్పు కాదు, మెనూ చేతిలో పెట్టి చూపించిన్రు కాబట్టి దాని మీద లొల్లి లేదు. కూసోంగనే అడగకుండనే మసాలా పల్లీలు ఒక ప్లేటు, రెండు వాటర్ బాటిళ్ళు వచ్చినయి. నేను మామూలు నీళ్ళు అడిగేలోపల బాటిల్ మూత టక్కున తిప్పేసిండు. ఆ స్పీడు చూస్తే రోజుకి వంద బాటిళ్ళు తిప్పుతడేమో అనిపించింది.

ఇగ పెగ్గు సంగతి. ఇక్కడ మందు కౌంటర్ వెనకాల పోసి గ్లాసులో తెస్తరు, సీసా మనకి కనబడదు. ఫస్ట్ రెండు లార్జ్ పెగ్గులు వచ్చినయి. సోడా కలపకముందే నా గ్లాసులది తీసి స్టీల్ కొలతల పోసిన. 60 గీత దాకా రావాలె కదా, వేలు మందం కింద ఆగింది. గ్లాసుకి అంటుకున్న చుక్కలు తీసేసినా అంత తేడా రాదు. బావమరిది గ్లాసు కూడా పోసి చూసినం, సేమ్. మా అంచనాకి 48 దగ్గర ఉంది. "పన్నెండు ఎంఎల్‌కి ఏం పంచాయితీ బావా" అన్నడు వాడు, కానీ ఆఫీసు బుద్ధి ఆగదు కదా, టిష్యూ పేపర్ మీద లెక్క వాడే వేసిండు. ఫుల్ బాటిల్ 750, 60 చొప్పున పోస్తే పన్నెండున్నర పెగ్గులు. 48 చొప్పున పోస్తే పదిహేనున్నర దాటుతయి. బాటిల్‌కి మూడు పెగ్గులు గాలిలోంచి పుట్టినయి, అక్కడ లార్జ్ 350, అంటే ఒక్క బాటిల్ మీద వెయ్యి యాభై. శనివారం రాత్రి ఎన్ని బాటిళ్ళు లేస్తయో మీరే ఊహించుకోండి.

పిల్లగాడిని పిలిచి "కొలత గ్లాసు టేబుల్ దగ్గరకి తెచ్చి పోయి తమ్మీ" అన్న. లోపలికి పోయిండు, వచ్చిండు, "సర్ మెజర్ బార్ కౌంటర్ దాటి రాదు సర్, రూల్" అన్నడు. ఆ రూల్ ఎవరు రాసిన్రో మరి. తర్వాత రౌండ్లు మాత్రం నిండుగ వచ్చినయి, అంటే పొయ్యడం చేతకాక కాదన్నమాట.

నేను ప్రతి రౌండూ ఫోన్‌ల టైముతో సహా రాసుకుంట, రివ్యూల కోసం అలవాటైంది. మేము తీసుకున్నది ఐదు లార్జ్‌లు, రెండు బీర్లు. తినడానికి చికెన్ 65, అపోలో ఫిష్, మేమే చెప్పిన పల్లీలు ఒకటి, లాస్టుకి ఒక బిర్యానీ. అపోలో ఫిష్ గురించి ఏం చెప్పాలె, పిండే ఎక్కువ, చేప చుట్టంచూపుగ వచ్చిపోయింది.

బిల్లు అడిగితే ముందు ఒక చిట్టీ లాంటిది తెచ్చిండు, పైన పేరు లేదు, నంబర్ లేదు, కింద టోటల్ 4,851 మాత్రమే ఉంది. జీఎస్టీ బిల్లు కావాలంటే పది నిమిషాలు ఆగమన్నడు. అప్పుడు వచ్చింది అసలు బిల్లు, తెలంగాణ కాబట్టి 36తో మొదలయ్యే జీఎస్టీ నంబర్, 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబర్, అన్నీ ఉన్నయి. టోటల్ మాత్రం అదే. చూస్తే తిండి 1,400, అందుల అడగని పల్లీలు 120, రెండు బాటిళ్ళు 120 కలిసినయి. మందు 2,800, ఐదు లార్జ్‌లకి ఆరు రాసిన్రు. రెండూ కలిపి 4,200, దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జ్ 420, మళ్ళీ ఆ మొత్తం మీద 5 శాతం జీఎస్టీ 231.

బావమరిది వేలు పెట్టి చూపించిండు, "బావా, మందు మీద జీఎస్టీ ఎక్కడిది?" అని. మందు అసలు జీఎస్టీల లేనే లేదు, దాని పన్ను రాష్ట్రం దిక్కు పోతది. తిండి మీదనే 5 శాతం, అంటే 1,400కి 70 రూపాయలు. వీళ్ళు మందు మీద, సర్వీస్ ఛార్జ్ మీద కూడా కలిపి 231 వేసిన్రు. ఆ 161 ఎవరి జేబులకి పోతున్నదో నాకైతే తెల్వదు.

మేనేజర్ వచ్చిండు. "సిస్టమ్ జనరేటెడ్ సర్" అన్నడు, అదే జవాబు. సర్వీస్ ఛార్జ్ గురించి అడిగితే "మెనూ కింద రాసినం కదా సర్" అన్నడు. నిజమే రాసిన్రు, చీమ తలకాయంత అక్షరాలతో. కానీ రాసినంత మాత్రాన వసూలు చెయ్యొచ్చని లేదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ గైడ్‌లైన్స్ ఇచ్చింది: సర్వీస్ ఛార్జ్ తనంతట తాను బిల్లుల వెయ్యొద్దు, వేరే పేరుతో కూడా వెయ్యొద్దు, దాన్ని బిల్లుల కలిపి టోటల్ మీద జీఎస్టీ వెయ్యొద్దు. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకి పోతే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ గైడ్‌లైన్సే కరెక్ట్ అన్నది. ఇదంతా బావమరిది చెప్తుంటే మేనేజర్ మొహం చూడాలె, హాల్ టికెట్ మర్చిపోయి వచ్చిన టెన్త్ క్లాస్ పిల్లగాడి లెక్క.

ఇక్కడ ఒక విషయం మనోళ్ళు కూడా తప్పు చేస్తరు, 20 రూపాయల బాటిల్‌ని 60కి అమ్మిన్రని ఎంఆర్‌పీ మీద లొల్లి పెడతరు. హోటళ్ళు, రెస్టారెంట్లు కూసోబెట్టి ఇచ్చే బాటిల్‌కి ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. అందుకని అక్కడ గెలవం, మూత తిప్పకముందే వద్దనాలె. మేము గెలవలే. పల్లీలు తిన్నం, నీళ్ళు తాగినం, నోరు మూసుకున్నం.

ఇరవై నిమిషాలు కిరికిరి అయినంక లేని పెగ్గు తీసేసిన్రు, సర్వీస్ ఛార్జ్ తీసేసిన్రు, జీఎస్టీ 70 చేసిన్రు, 3,920 కట్టినం. 931 రూపాయలు తేడా, ఇద్దరి టేబుల్ మీద. ఆ తమ్ముడు వాళ్ళు ఆరుగురు. కట్టేటప్పుడు క్యూఆర్ కోడ్ పెట్టిన్రు, స్కాన్ చేస్తే బార్ పేరు కాదు, ఎవరో మనిషి పేరు వచ్చింది. వద్దని కార్డు మీదనే కట్టిన, బిల్లుల ఉన్న పేరు, స్లిప్ మీద పేరు ఒకటేనా అని చూసినంకనే లేచిన. మీరు కూడా ఈ ఒక్క పని మాత్రం మర్చిపోకండి, రేపు కంప్లైంట్ ఇయ్యాలంటే డబ్బులు బార్‌కే పోయినట్టు ఆధారం ఉండాలె కదా.

లిఫ్ట్ దగ్గరికి మా వెనకాలే పిల్లగాడు వచ్చిండు, టిప్పు కోసం అనుకున్న. "సర్, ఆ 420ల మాకు రూపాయి రాదు సర్" అన్నడు మెల్లగ. వాడి చేతుల వంద పెట్టినం. సర్వీస్ ఛార్జ్ కట్టకపోతే పాపం స్టాఫ్ అని ఫీలయ్యేటోళ్ళు టిప్పు చేతికే ఇయ్యండి.

మరి ఆన్‌లైన్ల దానికి 4.6 రేటింగ్ ఎట్ల వచ్చిందంటరా? బిల్లు రాకముందే ఇంకో పిల్లగాడు ఫోన్ పట్టుకుని నిలబడతడు, "సర్ ఫైవ్ స్టార్ పెట్టి నా పేరు రాయండి సర్, గులాబ్ జామూన్ ఫ్రీ" అని. ఇంటికొచ్చి రివ్యూలు చదివితే సగం రెండు లైన్లే, ఫుడ్ బాగుంది, ఫలానా బ్రో సర్వీస్ సూపర్. తిన్నదేందో ఒక్కడు రాయడు, వెయిటర్ పేరు మాత్రం అందరూ రాస్తరు. ఇట్లాంటివి కుప్పలుగ కనబడితే తక్కువ స్టార్లవి పైకి వచ్చేటట్టు పెట్టుకుని చదవండి, వాటిల్లనే ఉంది ఈ బిల్లు కథంతా, నేను ఫిబ్రవరిల చదవలేదంతే.

నేనైతే ఇగ గల్లీ బార్లల పెగ్గు లెక్కన తాగుడు బంద్ పెట్టిన. క్వార్టర్ చెప్పి, సీల్‌తో టేబుల్ మీదకి తెప్పించుకుని, మూత మీద ఎక్సైజ్ లేబుల్ చూసి, నా ముందే తియ్యమంట. 180 ఎంఎల్, సక్కగ మూడు పెగ్గులు, ఎవడూ మధ్యల చెయ్యి పెట్టడు. మల్కాజ్‌గిరి, నాచారం దిక్కు పాత బార్లల ఇది మామూలే, ఎవ్వరూ ఏమనుకోరు. మా దగ్గర క్వార్టర్ ఇయ్యం, పెగ్గే అంటే కొలత టేబుల్ దగ్గరకి తెమ్మనండి, తేకపోతే బీరుతో సరిపెట్టుకోండి.

1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చిన, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, కంప్లైంట్ నంబర్ ఇచ్చిన్రు. పెగ్గు కొలత సంగతి తూనికలు కొలతల శాఖకి విడిగా రాసిన. ఆ తమ్ముడి బిల్లు కూడా జత చేసిన, పాపం దాచిపెట్టుకున్నడు. మీల ఎవరి దగ్గరన్నా అక్కడి బిల్లు ఉంటే ఫోటో తీసి దాచుకోండి, ఆ పేపర్ మీద అక్షరాలు కొన్నాళ్ళకి ఎగిరిపోతయి.

మొన్న మేనేజర్ ఫోన్ చేసిండు, నంబర్ ఎక్కడ దొరికిందో మరి. ఇద్దరికి డిన్నర్ ఫ్రీ సర్, కంప్లైంట్ వాపస్ తీస్కోండి అన్నడు. రానని చెప్పిన. చికెన్ 65 మాత్రం ఇప్పటికీ అక్కడిదే బాగుంటది, అదే నా బాధ.