పడవ వెనక బిగించిన ట్రాన్స్‌డ్యూసర్: నాలుగేళ్లు వాడాక

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. ఉత్తరానికి గంటకు కాస్త ఎక్కువ ప్రయాణం చేస్తే టెక్సోమా సరస్సు వస్తుంది. శని, ఆదివారాలు నా మకాం అక్కడే. మాది పదహారడుగుల అల్యూమినియం పడవ, దానికి 40 హార్స్‌పవర్ మోటారు. 2021 మార్చిలో ఐదంగుళాల తెర ఉన్న ఫిష్ ఫైండర్ (నీళ్ల లోతునూ, కింద ఉన్న చేపలనూ తెర మీద చూపే పెట్టె) కొన్నాను. పడవ వెనక గోడకు, అంటే ట్రాన్సమ్‌కు బిగించే ట్రాన్స్‌డ్యూసర్ (నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చేదాన్ని పట్టే ముక్క) దానితోనే వచ్చింది. రెండూ కలిపి 300 డాలర్ల లోపే. బ్రాండ్ పేరు చెప్పను, ఎందుకంటే ఈ ధరలో దొరికేవన్నీ దాదాపు ఒకేలా పనిచేస్తాయి. ఈ నాలుగేళ్లలో తెర ఒక్కసారి కూడా మొరాయించలేదు. నన్ను ఏడిపించిందీ, తర్వాత మెప్పించిందీ సబ్బుబిళ్లంత ఉండే ఆ నల్ల ప్లాస్టిక్ ముక్కే.

మా తాతగారిది గోదావరి లంక ఊరు. అక్కడ పడవవాళ్లు గెడ దించి లోతు చెప్పేసేవాళ్లు. ఇక్కడ గెడ చేసే పని శబ్దం చేస్తుంది. ట్రాన్స్‌డ్యూసర్ కిందికి పంపిన శబ్దం మంచినీళ్లలో సెకనుకు సుమారు 1,480 మీటర్ల వేగంతో వెళ్లి, అడుగును తాకి తిరిగొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందన్న దాన్ని బట్టి లోతు లెక్క తేలుతుంది. దారిలో గాలి బుడగలుంటే మాత్రం శబ్దం అక్కడే ఆగిపోతుంది. గెడకు ఆ బాధ లేదు.

ఈ సంగతి తెలియకుండానే మొదటిసారి బిగించాను. మాన్యువల్ చదివాను కానీ, అవసరమైన పేజీ మీద శ్రద్ధ పెట్టలేదు. ప్రొపెల్లర్‌కు కనీసం 15 అంగుళాల దూరం ఉండాలన్నారు, ఉంచాను. కుడి వైపు పెట్టమన్నారు, పెట్టాను. మామూలు మోటార్ల ప్రొపెల్లర్ వెనక నుంచి చూస్తే గడియారం ముల్లులా తిరుగుతుంది. కుడి వైపు రెక్క కిందికి దిగుతుంది కాబట్టి ఆ పక్క బుడగలు తక్కువ. ఇంతవరకూ సరే. కానీ పడవ అడుగున పొడుగ్గా ఉబ్బెత్తు గీతలుంటాయి కదా, సరిగ్గా అలాంటి ఒక గీత వెనకాలే బిగించాను. గ్యారేజీలో ట్రెయిలర్ మీద ఉన్నప్పుడు అది చక్కగా, నిటారుగా, చూడముచ్చటగా కనిపించింది.

నీళ్లలో మెల్లగా వెళ్తే అంతా బాగుండేది. వేగం 12 మైళ్లు దాటగానే లోతు అంకె మిణుకుమిణుకుమని ఆరిపోయేది, తెరంతా ఖాళీ. సెన్సిటివిటీ పెంచాను, తగ్గించాను, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాను. మూడు నెలలు పెట్టెనే తిట్టుకున్నాను. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే అవతలి మనిషి అడిగిన మొదటి ప్రశ్న: "ఎక్కడ బిగించారు?" అప్పుడు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, అడగాల్సింది అదొక్కటే.

చివరికి మా ఆవిడ తేల్చింది. "మీరు వెనక కూర్చుని నీళ్లు చూడండి, నేను నడుపుతాను" అంది. లైఫ్ జాకెట్ వేసుకుని, పడవలోనే ఒదిగి కూర్చుని, ట్రాన్సమ్ కింది నుంచి బయటికొచ్చే నీళ్లను గమనించాను. (నడిపేవాళ్లు, తాము పడిపోతే ఇంజిన్ ఆపే తాడు తగిలించుకోవాలి. 26 అడుగుల లోపు పడవలకు 2021 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ అది చట్టం కూడా.) మా ట్రాన్స్‌డ్యూసర్ ఉన్న చోట తెల్లటి నురగ. దానికి కుడి పక్కన, నాలుగంగుళాల అవతల నీళ్లు అద్దంలా జారుతున్నాయి. మూడు నెలల తలనొప్పికి మందు నాలుగంగుళాలే.

మళ్లీ రంధ్రాలు చేయాలన్నమాట. కొత్త చీరకు కత్తెర పెట్టినట్టే ఉంటుంది ఆ పని. పాత స్క్రూలు తీస్తే అసలు షాక్ అప్పుడు తగిలింది. ఒక రంధ్రం లోంచి టీ డికాక్షన్ రంగు నీళ్లు కారాయి. మా పడవ ట్రాన్సమ్‌లో అల్యూమినియం రేకుల మధ్య ప్లైవుడ్ ఉంది. నీళ్లు దిగకుండా రంధ్రాలకు నేను పూసింది ఇంట్లో బాత్రూమ్ పనికి మిగిలిన సిలికాన్. అది ఊడి లోపలికి నీళ్లు దిగుతున్నాయి. ఇంకో రెండు సీజన్లు అలాగే వదిలేసి ఉంటే చెక్క కుళ్లిపోయేదే. వారం రోజులు ఎండబెట్టి, పాత రంధ్రాలను ఎపాక్సీతో నింపాను.

రెండోసారి నేరుగా పడవకు బిగించలేదు. అర అంగుళం మందం ఉన్న తెల్లటి ప్లాస్టిక్ ప్లేటు కొని, నీళ్ల కింద వాడే మెరైన్ సీలెంట్ నిండా పెట్టి స్టెయిన్‌లెస్ స్క్రూలతో పడవకు బిగించాను. ట్రాన్స్‌డ్యూసర్ బ్రాకెట్ ఆ ప్లేటు మీద కూర్చుంటుంది. ఇక జరిపినా, ఎత్తు మార్చినా రంధ్రాలు పడేది ప్లేటుకే. ప్లేటు, సీలెంట్ కలిపి 40 డాలర్లు. ఈ మొత్తం కథలో నేను పెట్టిన డబ్బుల్లో తెలివైన ఖర్చు అదే. కొనేవాళ్లకు ఒకటే మాట: పెట్టెతో పాటు ప్లేటు కూడా అదే రోజు కొనండి.

ఎత్తు విషయంలో ఓపిక కావాలి. పడవ అడుగు కంటే ట్రాన్స్‌డ్యూసర్ ముఖం పావు అంగుళం కిందికి ఉండేలా పెట్టాను. ఫైబర్ పడవకైతే ఇంకా తక్కువ చాలు. మరీ దించితే వెనక నీళ్లు ఫౌంటెన్‌లా ఎగిరి మోటారు మీద పడతాయి, అదీ చూశాను. వెనక అంచు ముందు అంచు కన్నా చిటికెడు కిందికి వాలాలి. వాలు సరిపోయిందో లేదో చేపలే చెబుతాయి. మెల్లగా వెళ్తున్నప్పుడు కింద చేప దాటితే తెర మీద విల్లులా వంపు గీత పడుతుంది. ఆ విల్లు ఒక పక్కే సాగి, రెండో పక్క తెగినట్టుంటే వాలు తేడాగా ఉన్నట్టు. మూడు వారాంతాలు స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని తిరిగాక కుదిరింది. ఇప్పుడు 28 మైళ్ల వేగంలో కూడా లోతు అంకె కదలకుండా నిలబడుతుంది.

కేబుల్ దగ్గర ఇంకో తప్పు చేశాను. చూడ్డానికి నీట్‌గా ఉంటుందని ట్రోలింగ్ మోటారు (పడవను మెల్లగా నడిపే చిన్న కరెంటు మోటారు) తీగలతో కలిపి కట్టేశాను. ఆ మోటారు వేసినప్పుడల్లా తెర నిండా నువ్వులు చల్లినట్టు చుక్కలు. కేబుల్‌ను పడవ రెండో పక్కకు మార్చాక పోయాయి. మిగిలిన కేబుల్ కత్తిరించకుండా చుట్టచుట్టి సీటు కింద పెట్టాను.

ఇక వాడకం. టెక్సోమాలో స్ట్రైప్డ్ బాస్ గుంపులు నీళ్ల మధ్యలో తేలుతుంటాయి, వాటిని పట్టడంలో దీనికి వంక పెట్టలేను. గట్టి రాతి నేలకూ మెత్తటి బురదకూ తేడా చూపిస్తుంది. కానీ చూసేది మాత్రం పడవ కిందే. 200 కిలోహెర్ట్జ్‌లో దీని శబ్దం గరాటులా విచ్చుకునే కోణం 20 డిగ్రీలు, అంటే లోతులో మూడో వంతు వెడల్పు. 30 అడుగుల నీళ్లలో సుమారు పదడుగుల వృత్తం. పక్కన ఏముందో, ముందు ఏముందో ఇది చెప్పదు. అవి కావాలంటే వేరే రకం కొనాలి, డబ్బూ వేరే లెవెల్లో ఉంటుంది.

మునిగిన చెట్లకు పేరుపడ్డ లేక్ ఫోర్క్‌లో ఒకసారి మొద్దు తగిలింది. బ్రాకెట్ పైకి మడుచుకుంది, ట్రాన్స్‌డ్యూసర్‌కు గీత కూడా పడలేదు. అలా మడుచుకునే బ్రాకెట్ లేనిది కొనకండి. నిర్వహణ అంటూ పెద్దగా ఏమీ లేదు. టెక్సోమాలో 2009 నుంచి జీబ్రా మస్సెల్స్ (పడవల వెంట ఒక సరస్సు నుంచి ఇంకోదానికి పాకే చిన్న ఆల్చిప్పలు) ఉన్నాయి, పడవలో నీళ్లన్నీ తీసేయకుండా అక్కడి నుంచి బయల్దేరకూడదు. ఆ పని చేసేటప్పుడే గిన్నెల సబ్బుతో ట్రాన్స్‌డ్యూసర్ ముఖం కూడా కడిగేస్తాను. జిడ్డు ఉంటే దానికి సన్నటి బుడగలు అంటుకుంటాయి. అసిటోన్ లాంటివి తగలనివ్వకండి, ప్లాస్టిక్ పాడవుతుంది.

ఐదుకు నాలుగు ఇస్తాను. కోసిన ఒక్కటీ బ్రాకెట్ మడత దగ్గరి ప్లాస్టిక్ కోసం. ఎండకు పెళుసెక్కి ఈ వేసవిలో చీలింది. కొత్తది 18 డాలర్లు. ప్లేటు ఉంది కాబట్టి సరస్సు గట్టునే పది నిమిషాల్లో మార్చేశాను. "మళ్లీ డ్రిల్లా?" అంది మా ఆవిడ. ఈసారి అక్కర్లేకపోయింది.