ఒకరి మాటా, ఓటా, ఏకాభిప్రాయమా? ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును నడపడానికి ఏది మేలు

కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో కొత్తగా మెయింటెయినర్ బాధ్యత (వచ్చిన మార్పులను చూసి చేర్చే బాధ్యత) తీసుకున్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ప్రాజెక్టు ఒక్కరి చేతిలో ఉండటం మేలా, ఎన్నికైన మండలి చేతిలో ఉండటం మేలా, లేక పనిచేసేవాళ్లంతా ఏకాభిప్రాయంతో నడుపుకోవడం మేలా? ఇన్నాళ్లూ "ప్రాజెక్టును బట్టి ఉంటుంది" అని దాటవేస్తూ వచ్చాను. నేను కూడా చేయి వేసే ఒక చిన్న లైబ్రరీకి (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్‌కు) ఈ మధ్య పాలన పత్రం రాయాల్సి రావడంతో ఇక దాటవేయడం కుదరలేదు. మూడు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూసుకుని, చివరికి ఒకదాన్ని ఎంచుకున్నాం.

ఈ పోలికను తేల్చే అంశం నా దృష్టిలో ఒక్కటే. "సరే" అనే అధికారం ఎవరిదని అందరూ చూస్తారు. నేను చూసేది "వద్దు" అనే అధికారం ఎవరిది, ఆ వద్దుకు కారణం చెప్పి తీరాలా అక్కర్లేదా, దాన్ని తిరగదోడే దారి ఉందా లేదా అన్నది. జీతం లేకుండా, ముఖాముఖాలు చూసుకోకుండా, వేర్వేరు టైమ్ జోన్లలో కూర్చుని పనిచేసేవాళ్ల మధ్య ఆజ్ఞాపించే శక్తి ఎవరికీ ఉండదు. ఈ సంగతిని, లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసే డెబియన్ ప్రాజెక్టు తన రాజ్యాంగంలోనే (పాలన నియమావళిలోనే) రాసుకుంది: ప్రాజెక్టు కోసం ఫలానా పని చేసి తీరాలన్న బాధ్యతను ఆ రాజ్యాంగం ఎవరి మీదా మోపదు, ఇష్టం లేని పనిని ఎవరూ చేయనక్కర్లేదు, కాకపోతే నియమాలకు అడ్డుపడకూడదు. చేయమని చెప్పగలిగేవారు లేనిచోట, చేసిన పనిని ఆపగలిగేవారి చేతిలోనే అధికారమంతా ఉంటుంది.

మా లైబ్రరీ సంగతే చెబుతాను. రకరకాల రూపాల్లో రాసిన తేదీలను చదివి ఒకే రూపంలోకి మార్చడం దాని పని. రెండంకెలతో రాసిన సంవత్సరం వస్తే, అది 1900ల్లోదా 2000ల్లోదా అన్న ప్రశ్నకు మా దగ్గర సరైన జవాబు ఉండేది కాదు. 69 నుంచి 99 వరకు ఉంటే 1900ల్లోకి, 00 నుంచి 68 వరకు ఉంటే 2000ల్లోకి తీసుకోవాలన్న పోసిక్స్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం) నియమాన్ని అమలు చేస్తూ ఒకావిడ పుల్ రిక్వెస్ట్, అంటే ఈ మార్పును చేర్చమన్న విన్నపం, పంపారు. దాదాపు రెండు వందల పంక్తుల కోడ్, దానికి తగిన టెస్టులు, ఇద్దరు చూసి బాగుందన్నారు. లైబ్రరీని మొదలుపెట్టిన వ్యక్తి మాత్రం కింద "దీని గురించి కొంచెం ఆలోచించాలి" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. మెర్జ్ చేసే, అంటే మార్పును అసలు కోడ్‌లో కలిపే, హక్కు ఆయన ఒక్కరిదే. ఏడు నెలల్లో ఆవిడ ఆ ప్యాచ్‌ను (కోడ్ మార్పును) నాలుగుసార్లు రీబేస్ చేశారు, అంటే తాజా కోడ్‌కు సరిపడేలా సవరించారు, రెండుసార్లు మర్యాదగా గుర్తు చేశారు, ఆ తర్వాత కనిపించడం మానేశారు.

ఏక వ్యక్తి పాలన అనగానే అందరూ నియంతృత్వాన్ని ఊహించుకుని భయపడతారు. నా అనుభవంలో దాని అసలు రోగం మౌనం. ఆయన వద్దని తేల్చి చెప్పి ఉంటే ఆవిడ ఫోర్క్ చేసుకుని, అంటే కోడ్‌ను కాపీ చేసి విడిగా నడుపుకుంటూ, వెళ్లేవారు, లేదా ప్యాచ్‌ను మార్చుకునేవారు. ఏదీ చెప్పకపోవడం వల్ల అటూ ఇటూ కాకుండా పోయింది.

అలాగని ఈ పద్ధతిని తీసిపారేయలేం. పెద్ద ప్రాజెక్టుల్లో ఎక్కువకాలం నిలిచినవాటిని చూస్తే మొదట్లో చాలావాటికి ఒక్కరి అభిరుచే ఆధారం. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్ 1991 నుంచి లైనస్ టోర్వాల్డ్స్ చేతి మీదుగానే వస్తోంది. అయితే దాన్ని ఏక వ్యక్తి పాలన అనడం సగమే నిజం. నెట్‌వర్కింగ్, ఫైల్ సిస్టమ్‌లు, ఒక్కో డ్రైవర్ వర్గం, ఇలా ప్రతి భాగానికీ వేరే మెయింటెయినర్లు ఉంటారు, వారి పేర్లన్నీ కెర్నల్ సోర్సులోనే మెయింటెయినర్స్ అనే ఫైలులో ఉంటాయి. ప్యాచ్ ముందు వారిని దాటాలి. వారు పోగుచేసిన మార్పులను రెండు వారాల మెర్జ్ విండోలో, అంటే మార్పులు కలపడానికి పెట్టిన గడువులో, టోర్వాల్డ్స్ తీసుకుంటారు. 2018 సెప్టెంబరులో, తన దురుసు ప్రవర్తనకు క్షమాపణ చెప్పి ఆయన కొంతకాలం పక్కకు తప్పుకున్నప్పుడు, కెర్నల్ 4.19 రిలీజును మరో మెయింటెయినర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ పూర్తిచేశారు. పని ఆగలేదు. పైన ఒక్కరే కనిపించినా కింద అధికారం ఎంత లోతుగా పంచి ఉందో అప్పుడు తెలిసింది. (టోర్వాల్డ్స్ 2005లో రాసిన గిట్ అనే, కోడ్ మార్పులను నమోదు చేసే పనిముట్టులో ప్రతి కాపీ సంపూర్ణమైన రిపోజిటరీయే, అంటే మొత్తం కోడ్ దాని చరిత్రతో సహా. వికేంద్రీకరణకు అంతకంటే పెద్ద పనిముట్టు మన రంగంలో రాలేదు. దాన్ని తీసుకెళ్లి మనమంతా మళ్లీ ఒకటి రెండు సైట్లలో కుప్పపోశామన్నది వేరే కథ.)

కెర్నల్‌కు ఉన్నంత లోతు అందరికీ ఉండదు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో దాని సృష్టికర్త గీడో వాన్ రోసమ్ మాటే తుది మాటగా దాదాపు మూడు దశాబ్దాలు నడిచింది. వ్యక్తీకరణ మధ్యలోనే చలరాశికి విలువ ఇచ్చే గుర్తును చేర్చాలన్న పెప్ 572 అనే ప్రతిపాదన మీద జరిగిన వాదోపవాదాలు ఎంత తీవ్రమయ్యాయంటే, దాన్ని ఆమోదించిన కొద్ది రోజులకే, 2018 జూలైలో, ఆయన ఆ హోదా వదులుకున్నారు. వారసుణ్ణి ఎంపిక చేయలేదు, ఏం చేసుకుంటారో మీరే తేల్చుకోండని వదిలేశారు. పైథాన్ వెనుక అనుభవజ్ఞులు చాలామంది ఉన్నారు కాబట్టి నిలదొక్కుకుంది. వెనుక ఎవరూ లేని ప్రాజెక్టుకు ఏమవుతుందో 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాధనం చూపించింది. అలసిపోయిన ఒకే ఒక్క మెయింటెయినర్ మీద, ప్యాచ్‌లు ఆలస్యమవుతున్నాయంటూ కొన్ని ఖాతాలు ఒత్తిడి తెచ్చాయి. సాయానికి వచ్చినట్టు కనిపించి, ఏళ్ల తరబడి నమ్మకం కూడగట్టుకుని మెయింటెయినర్ అయిన ఖాతా చివరికి రిలీజులో దొంగదారి పెట్టింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు లాగిన్లు అర సెకను ఆలస్యమవుతున్నాయని గమనించి తవ్వకపోతే అది బయటపడేదే కాదేమో.

ఓటు పద్ధతికి డెబియన్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1993లో మొదలై, 1998లో రాజ్యాంగం రాసుకుని, ప్రతి ఏటా నాయకుణ్ణి ఎన్నుకుంటున్న ప్రాజెక్టు అది. ఓటు అంటే ఒక పేరు మీద గుర్తు వేయడం కాదు. అభ్యర్థులను, ప్రతిపాదనలను ఇష్టానుసారం వరుసగా పేర్చి ఇస్తారు, జంటలుగా పోల్చి విజేతను తేలుస్తారు. నాయకుడి నిర్ణయాన్ని కూడా సభ్యులు సర్వసభ్య తీర్మానంతో తోసిపుచ్చవచ్చు. "వద్దు"ను తిరగదోడే దారి ఇంత స్పష్టంగా రాసి ఉన్న ప్రాజెక్టులు అరుదు.

కానీ ఓటు వివాదాన్ని ముగిస్తుందే తప్ప ఓడినవారిని ఒప్పించదు. కంప్యూటర్ మొదలవగానే మిగతా ప్రోగ్రాములను నడిపించే సిస్టమ్‌డీని డెబియన్‌లో డిఫాల్ట్‌గా పెట్టాలా అన్న గొడవ గుర్తున్నవారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 2014 ఫిబ్రవరిలో డెబియన్ సాంకేతిక కమిటీ నాలుగు-నాలుగుగా చీలిపోతే, అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డీ నెగ్గింది. అదే ఏడాది నవంబరులో మళ్లీ సర్వసభ్య తీర్మానం పెడితే, అసలు తీర్మానమే అక్కర్లేదన్న ఎంపిక గెలిచింది. కమిటీ నుంచి, బాధ్యతల నుంచి కొందరు తప్పుకున్నారు, దేవువాన్ అనే ఫోర్క్ పుట్టింది, 2019లో అదే విషయం మీద ఇంకోసారి ఓటు వేయాల్సి వచ్చింది. నియమాల ప్రకారం చూస్తే ప్రతి అడుగూ సక్రమమే. అయినా స్వచ్ఛందంగా పనిచేసేచోట ఓడిన నలభై శాతం మంది చేసేది ప్రతిపక్షంలో కూర్చోవడం కాదు, మూటాముల్లె సర్దుకోవడం. పైగా పది మంది కూడా లేని ప్రాజెక్టులో ఎన్నికలంటే ఒకరినొకరు ఎన్నుకుంటూ తిరగడమే.

పైథాన్ వాళ్లు దీన్ని గ్రహించే తమ పాలన నియమాలు రాసుకున్నట్టున్నారు. గీడో తప్పుకున్నాక ఏడు పాలన ప్రతిపాదనలను ముందు పెట్టుకుని 2018 డిసెంబరులో ఓటు వేసి, ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్‌ను ఎంచుకున్నారు. ఒకే సంస్థలో పనిచేసేవారు అందులో ఇద్దరికి మించి ఉండకూడదు. కోర్ డెవలపర్లు మూడింట రెండు వంతుల మెజారిటీతో అవిశ్వాసం ప్రకటించవచ్చు. నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం మరో నియమం: కౌన్సిల్ తన అధికారాలను వీలైనంత తక్కువగా వాడాలి, ఓటుకు బదులు ఏకాభిప్రాయం కోసం ప్రయత్నించాలి. ఎన్నికైన మండలి ఉన్నది నిత్యం నిర్ణయాలు తీసుకోవడానికి కాదు, ముడి పడ్డప్పుడు విప్పడానికని వాళ్లు ముందే తేల్చుకున్నారు.

ఇక నా మొగ్గు దేనివైపో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. చాలా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నీడనిచ్చే అపాచీ ఫౌండేషన్ ప్రాజెక్టుల్లో వాడే "లేజీ కన్సెన్సస్" పద్ధతిలో, ఒక మార్పు చేయబోతున్నానని చెప్పి, తగినంత సమయం ఆగి, ఎవరూ అభ్యంతరపెట్టకపోతే ముందుకు వెళ్లిపోవచ్చు. లాంఛనంగా ఓటు పెడితే +1 (అనుకూలం), 0 (తటస్థం), -1 (వ్యతిరేకం) అని రాస్తారు. దానికి సాధారణంగా కనీసం 72 గంటల గడువు ఇస్తారు. కోడ్ మార్పు మీద ఓటు హక్కున్న ఒక్కరు -1 పెట్టినా అది వీటోయే. ఒక్కరికి ఇంత శక్తి ఇవ్వడం ప్రమాదం కాదా అని అడగవచ్చు. ఇక్కడే కీలకం ఉంది: సాంకేతిక కారణం చెప్పని వీటో చెల్లదు. "నాకు నచ్చలేదు" అంటే సరిపోదు, ఏం విరిగిపోతుందో చూపించాలి. కారణం బయటికి వచ్చిందంటే ప్యాచ్ రాసినవారికి చేయడానికి ఒక పని దొరుకుతుంది. అదీ కాక రిలీజులను వీటో చేసే వీలే లేదు. కనీసం మూడు +1లు ఉండి, వ్యతిరేక ఓట్ల కంటే అనుకూల ఓట్లు ఎక్కువైతే రిలీజు వెళ్లిపోతుంది. ఎక్కడ ఒక్కరు ఆపగలరో, ఎక్కడ ఆపలేరో గీత గీసి పెట్టారు.

ఏక వ్యక్తి పాలనలో మౌనం ప్యాచ్‌ను చంపేస్తే, ఇక్కడ అదే మౌనం ప్యాచ్‌ను ముందుకు నడిపిస్తుంది. నా మొగ్గుకు అసలు కారణం ఇదే. లోపాలు లేకపోలేదు. ఎవరూ చూడకపోవడం వల్ల దాటిపోయిన చెత్తకు కూడా "అందరూ ఒప్పుకున్నారు" అన్న ముద్ర పడుతుంది. ఓపిక ఎక్కువున్నవారు, రోజంతా ఖాళీగా ఉన్నవారు వాదనల్లో నెగ్గుకొస్తారు. ప్రాజెక్టు పలచబడితే ఈ పద్ధతి ఊపిరి ఆడక ఆగిపోతుంది. రిలీజుకు అవసరమైన ముగ్గురు కూడా దొరకని ప్రాజెక్టులను అపాచీ ఫౌండేషన్ అటకెక్కించడానికి "అటిక్" అనే విభాగమే పెట్టుకుంది. అభిరుచికి సంబంధించిన విషయాల్లో, అంటే భాష వాక్య నిర్మాణం, తెర మీద బొత్తాలు ఎక్కడుండాలి వంటివాటిలో, ఏకాభిప్రాయం తరచుగా అందరికీ సమానంగా నచ్చని ఫలితాన్నే ఇస్తుంది. అక్కడ ఒక్కరి కన్నే మేలని ఒప్పుకుంటాను.

కంపెనీ యాజమాన్యంలోని ప్రాజెక్టుల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. 2023 ఆగస్టులో టెర్రాఫామ్, 2024 మార్చిలో రెడిస్ అనే సాఫ్ట్‌వేర్ల లైసెన్సులను (వాడకపు షరతులను) వాటి కంపెనీలు కఠినం చేశాయి. ఓపెన్‌టోఫు, వాల్కీ అనే ఫోర్క్‌లు పుట్టి లినక్స్ ఫౌండేషన్ గొడుగు కిందికి చేరాయి. అక్కడ "వద్దు" అనే హక్కు లైసెన్సు చేతిలో పెట్టుకున్నవారిది. ఫౌండేషన్‌లో చేరితే పాలన సమస్య తీరిపోతుందనుకునేవారూ ఉన్నారు. ఫౌండేషన్ ట్రేడ్‌మార్క్‌నూ డబ్బునూ భద్రపరుస్తుంది కానీ, ఒక ప్యాచ్‌ను ఎవరు ఆపవచ్చో చాలా ఫౌండేషన్లు మీకే వదిలేస్తాయి. రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలోలా ప్రతి పెద్ద మార్పుకూ ఆర్‌ఎఫ్‌సీ (అభిప్రాయాలు కోరే ప్రతిపాదన పత్రం) రాసి, చివర పది రోజుల వ్యాఖ్యల గడువు పెట్టడం మంచి అలవాటే, దాన్ని పై మూడింటిలో దేనికైనా జోడించుకోవచ్చు.

చివరికి మేం ఐదుగురం రాసుకున్న పత్రం నలభై పంక్తులు దాటలేదు. 72 గంటలు మాకు చాలవు, ఎక్కువమందిమి వారాంతాల్లోనే పనిచేస్తాం కాబట్టి పది రోజుల గడువు పెట్టుకున్నాం. అభ్యంతరం చెప్పేవారు కారణంతో పాటు విఫలమయ్యే టెస్టునో, నష్టపోయే వాడకాన్నో చూపాలి. అభ్యంతరం పెట్టి పది రోజులు బదులివ్వకపోతే అది దానంతట అదే రద్దవుతుంది. అప్పటికీ ముడి విడకపోతే ఐదుగురిలో ముగ్గురి మాట చెల్లుతుంది. ఆ అవసరం ఇంతవరకు రాలేదు.

కొత్త పత్రం కింద మొదట బయటికి తీసింది రెండంకెల సంవత్సరాల పాత ప్యాచ్‌నే. మూడో రోజునే వ్యవస్థాపకుడు -1 పెట్టి, కింద కారణం రాశారు: పుట్టిన తేదీలున్న పాత ఫైళ్లలో 65 అంటే 1965 అని మన లైబ్రరీతో చదువుతున్నవాళ్లున్నారు, ఈ మార్పు వస్తే వాళ్లంతా రాత్రికి రాత్రి 2065లో పుట్టినట్టవుతారు. పక్కనే ఒక చిన్న టెస్టు ఫైలు కూడా జతచేశారు. అభ్యంతరం నూటికి నూరుపాళ్లు సబబైనదే. కొత్త నియమాన్ని ఐచ్ఛికంగా ఉంచి, ఏమీ అడగనివారికి పాత ప్రవర్తనే దక్కేలా మార్చడానికి మాకు ఒక సాయంత్రం పట్టింది. రిలీజు నోట్సులో ప్యాచ్ మొదట రాసినావిడ పేరు పెట్టి, ఆవిడకు కబురు పంపాం. ఇంకా బదులు రాలేదు.