రైటర్స్ వర్క్‌షాప్ పుస్తకాలు, పాతికేళ్ళ తర్వాత

1998లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, గైడ్లూ పాత రీడర్స్ డైజెస్టులూ కుప్పగా పోసిన చోట, అడుగున ఎర్రటి గుడ్డ ముక్క లాంటిది కనిపించింది. లాగితే పుస్తకం వచ్చింది. శివ్ కె. కుమార్ కవితలు, ‘ఆర్టిక్యులేట్ సైలెన్సెస్’, కలకత్తా రైటర్స్ వర్క్‌షాప్ ప్రచురణ, 1970. అట్ట మీద చేనేత బట్ట, బట్ట మీద బంగారు రంగు అక్షరాలు. ఉస్మానియాలోనూ తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఇంగ్లీషు పాఠం చెప్పిన మనిషి ఆయన. నేను డిగ్రీ కాలేజీలో అదే పాఠం చెప్పడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్ళు. బేరమాడకుండా 20 రూపాయలిచ్చి ఇంటికి తెచ్చుకున్నాను.

మాది మంగళగిరి. అమ్మ పుట్టింట్లో మగ్గం ఉండేది. పుస్తకం అమ్మ చేతికిస్తే తెరవను కూడా లేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ వాల్చి చూసింది. “పడుగు ఎరుపు, పేక నలుపు రా. అందుకే వాలిస్తే రంగు మారుతోంది,” అంది. బొటనవేలితో వెన్ను పొడవునా తడిమి, “ఇదిగో, అంచు సరిగ్గా వీపు మీదికి వచ్చేట్టు కోశారు. బట్ట సంగతి తెలిసినవాడే కోశాడు. పుస్తకానికి చీర కట్టారేంట్రా!” అని నవ్వింది. అప్పుడు గానీ నేను చివరి పేజీల్లోకి వెళ్ళి చూడలేదు. చీరలకు నేసిన చేనేత బట్ట అని అక్కడ అచ్చులోనే ఉంది.

కలకత్తా లేక్ గార్డెన్స్‌లో పి. లాల్ తన ఇంటి నుంచే నడిపిన సంస్థ రైటర్స్ వర్క్‌షాప్. సెయింట్ జేవియర్స్ కాలేజీలో ఇంగ్లీషు ప్రొఫెసరు ఆయన. 1958లో కొందరు స్నేహితులతో కలిసి మొదలుపెట్టారు. ఆ తొలినాళ్ళ గుంపులో నవలా రచయిత్రి అనితా దేశాయ్ కూడా ఉన్నారు. భారతీయులు ఇంగ్లీషులో రాసిన కవిత్వం, కథ, నాటకం, అనువాదం వేయడమే పని. ఇప్పటికి 3,000 పైచిలుకు పుస్తకాలు వచ్చాయి. అట్ట మీది అక్షరాలు లాల్ స్వయంగా కాలిగ్రఫీ కలంతో రాసినవి. 2010లో ఆయన పోయాక కొడుకు ఆనంద లాల్ సంస్థ పని అందుకున్నారు.

నా దగ్గరున్న పాతవి సీసపు అక్షరాలు చేత్తో పేర్చి, చేతియంత్రం మీద, ‘మ్యాప్‌లితో’ అనే రకం కాగితం మీద కొట్టినవి. పేజీ తిప్పి వెనకవైపు వేలితో తడిమితే అక్షరాల ఒత్తు తగులుతుంది. ఒక పద్యపాదం ఎక్కడ ఆగిందో కళ్ళు మూసుకుని కూడా చెప్పొచ్చు. పుస్తకం కుట్టినవారి పేరు కూడా అందులోనే అచ్చువేశారు. మన తెలుగు పుస్తకాల్లో బైండింగ్ చేసినవారి పేరు నేనింతవరకు చూడలేదు. చూడాలని ఉంది.

ఆ ఒక్కదానితో మొదలై ఇప్పుడు నా అలమారలో ఇవి 60 దాటాయి. కొన్ని ఆబిడ్స్‌లో దొరికాయి, కొన్ని కలకత్తా వెళ్ళినప్పుడు కాలేజ్ స్ట్రీట్‌లో, మిగతావి లేక్ గార్డెన్స్ చిరునామాకి రాసి తెప్పించుకున్నవి. పాతికేళ్ళుగా చదువుతున్నాను కాబట్టి ఒక మాట ధైర్యంగా చెప్పగలను. ఈ సంస్థ బలం తొలి పుస్తకాల్లో ఉంది. పేరు రాకముందు కవి ఎలా ఉండేవాడో తెలుసుకోవాలంటే ఇక్కడికే రావాలి.

జయంత మహాపాత్ర సంగతే చూడండి. కటక్‌లో ఫిజిక్స్ చెప్పేవారు. నలభై దగ్గరపడ్డాక కవిత్వం మొదలుపెట్టారు. 1981లో ఇంగ్లీషు కవిత్వానికి సాహిత్య అకాడెమీ అవార్డు తీసుకున్న మొదటి కవి ఆయనే. ఆ తర్వాతి పుస్తకాలు చదివి, వాటిలోని ఒడిశా వానకీ నిశ్శబ్దానికీ అలవాటుపడి, అప్పుడు 1971 నాటి ‘స్వయంవర’ తెరిచాను. మాటలు ముళ్ళు పడి ఉన్నాయి. ఒక్కో వాక్యం నాలుగుసార్లు చదివితే గానీ విడదు. మొదటిసారి విసుగొచ్చి పక్కన పెట్టేశాను. ఆరేడేళ్ళ తర్వాత మళ్ళీ తీస్తే, ఆ చిక్కుల మధ్య తర్వాతి మహాపాత్ర గొంతు ఒకటి రెండు చోట్ల స్పష్టంగా వినిపించింది. కశ్మీరీ కవి ఆగా షాహిద్ అలీ ‘బోన్ స్కల్ప్‌చర్’ 1972లో వచ్చింది. అప్పటికి ఆయనకి ఇరవై మూడేళ్ళు మించవు. విక్రమ్ సేఠ్ మొదటి కవితల పుస్తకం కూడా ఇక్కడిదే, 1980ల మొదట్లో వచ్చింది. వీళ్ళని ప్రపంచం తర్వాత నెత్తిన పెట్టుకుంది. ఆరోజుకి ఎవరికీ తెలియని ఆ కుర్రాళ్ళ పుస్తకాలకి లాల్ ఇంట్లో అవే అక్షరాలు, అదే చేనేత.

నా దగ్గర ఎక్కువ నలిగినది మాత్రం కేకీ దారువాలా ‘అండర్ ఓరియన్’, 1970. ఆయన పోలీసు అధికారిగా పనిచేశారు. అల్లర్లతో తగలబడిన ఊళ్ళో కర్ఫ్యూ గురించి అందులో ఒక కవిత ఉంది. సిలబస్‌లో లేకపోయినా దాన్ని ఏటా ఒక పీరియడ్ తీసుకుని చదివి వినిపించేవాణ్ణి. ఒక ఏడాది పాతబస్తీ నుంచి వచ్చే అమ్మాయి ఒకరు క్లాసులో ఉండేవారు. 1990 డిసెంబరు అల్లర్లప్పుడు ఆమెకి అయిదారేళ్ళు. కవిత అయిపోయాక లేచి నిలబడి, “సార్, ఈయన రోడ్డు మీద నిలబడి చూశారు. మేం లోపల్నుంచి, కిటికీ సందులోంచి చూశాం. ఈయనకి బూట్ల చప్పుడు తనదే, అందుకని వినబడలేదు. మాకు అదొక్కటే వినబడింది,” అంది. క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. ఆ తర్వాత ఆ కవితను నేను మునుపటిలా చదవలేకపోయాను. కవిత స్థాయి తగ్గిందని కాదు, అది ఎక్కడ నిలబడి మాట్లాడుతోందో అప్పుడు తెలిసింది. పుస్తకం ఆ పేజీ దగ్గర దానంతటదే తెరుచుకుంటుంది ఇప్పుడు.

నాటకాల్లో నేను తిరగేసినవి ముఖ్యంగా ఆసిఫ్ కరీంభాయ్‌వి. ‘ఇంక్విలాబ్’ నక్సల్బరీ నాటి కలకత్తా కథ. తండ్రి ప్రొఫెసరు, కొడుకు ఉద్యమం వైపు నడుస్తాడు. ‘ది రెఫ్యూజీ’ 1971లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల గురించి. పత్రికల్లో వార్త తడి ఆరకముందే నాటకం రాసి, అంతే వేగంగా పుస్తకంగా తేవడం చిన్న సంస్థకి గనక సాధ్యమైంది. శ్రీకాకుళం గురించి చదువుతూ పెరిగిన మనవాళ్ళకి ‘ఇంక్విలాబ్’ పరాయిది అనిపించదు. అయితే రంగస్థలం మీదికి తెస్తే మాటలు నోట్లో తిరగవు. మా విద్యార్థులతో ఒక దృశ్యం చదివించి చూశాను. పరిషత్తు నాటకాల్లో వేషాలు వేసిన ఒక కుర్రాడు, “సార్, డైలాగ్ ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో రాసినాయన చూసుకోలేదు,” అన్నాడు. నిజమే. ఇది చదువుకోవడానికి మంచి నాటకం.

కథల పుస్తకాల గురించి ఎక్కువ చెప్పను. నా దగ్గర ఎనిమిదే ఉన్నాయి, వాటిలో మళ్ళీ మళ్ళీ తీసేది ఏదీ లేదు. మన పత్రికల్లో వారం వారం మంచి కథ చదివి పెరిగినవాడికి అవి పలచగా అనిపిస్తాయి.

మహాభారతం గురించి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. లాల్ దాన్ని శ్లోకం వదలకుండా ఇంగ్లీషులోకి తెచ్చారు. అనువాదం అనకుండా ‘ట్రాన్స్‌క్రియేషన్’, అంటే తిరిగి సృష్టించడం, అనేవారు. మొదట పలచటి భాగాలుగా, నెలల తరబడి వేస్తూ పోయారు. 1999 నుంచి ప్రతి ఆదివారం కలకత్తాలో ఒక గ్రంథాలయంలో కూర్చుని గంటసేపు పైకి చదివేవారు. కవిత్రయం భారతం చెవిలో ఉన్నవాడికి ఇది విచిత్రమైన అనుభవం. మన ముగ్గురూ దాన్ని తెలుగు చేశారు, కుదించారు, తిక్కన గారైతే సభలో మనుషుల్ని ఎదురెదురుగా నిలబెట్టి నాటకం ఆడించారు. లాల్ ఏదీ కుదించరు. ద్రోణపర్వంలో బాణాల మీద బాణాలు, పేర్ల మీద పేర్లు, అన్నీ ఉంటాయి. కళ్ళతో చదివితే అలసటే. ఒక వేసవిలో రోజూ సాయంత్రం డాబా మీద కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాను. నాలుగో రోజుకి ఆ పునరుక్తి దరువు పట్టుకుంది. అమ్మకి ఇంగ్లీషు రాదు. అయినా పేర్లని బట్టి పట్టేసి, “అభిమన్యుణ్ణి చుట్టుముట్టారా?” అని అడిగేది.

ఈ సంస్థ మీద పాత విమర్శ ఒకటుంది. రచయిత తన పుస్తకం 100 కాపీలు ముందుగా కొనుక్కోవాలనే నియమం. డబ్బిచ్చి వేయించుకునే అచ్చు అని ఇంగ్లీషు విమర్శకులు ముక్కు చిట్లించారు. కవి సొంత ఖర్చుతో పుస్తకం వేసుకుని, ఆవిష్కరణ సభ పెట్టుకుని, వచ్చినవాళ్ళకి తలో కాపీ చేతిలో పెట్టే తెలుగు నేల మీద పెరిగిన నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. పెద్ద ప్రచురణకర్తలు కవిత్వం అంటే తలుపేసుకున్న రోజుల్లో ఇంకో దారి ఏది? వడపోత తక్కువన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. నా 60లో ఇరవై దాకా ఒకసారి చదివి ఊరుకున్నాను. మంచి కవితకీ మామూలు కవితకీ ఒకే చేనేత కట్టడం వల్ల, ఏది ఏదో పాఠకుడే తేల్చుకోవాలి. ఆ పని నాకిష్టం. తెలియని పేరున్న పుస్తకాన్ని కూడా తేలిగ్గా విసిరేయనివ్వదు ఆ బట్ట.

ఇక మన్నిక. అదే ఏళ్ళలో కొన్న పేపర్‌బ్యాకుల్లో సగం జిగురు వదిలి ఆకుల్లా రాలిపోయాయి. ఇవి కుట్టినవి కాబట్టి నిలిచాయి. బట్ట రంగు ఎండ తగిలిన వైపు వెలిసింది, చీర వెలిసినట్టే. తడిగుడ్డ తగలనివ్వకండి, మెత్తటి పొడిబట్టతో తుడవండి, ఏడాదికోసారి నీడలో ఆరబెట్టండి. ఒక వానాకాలం గోడ చెమ్మ ఎక్కి హోషంగ్ మర్చంట్ కవితల పుస్తకం ఒకటి వెన్ను దగ్గర ఊడింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన ఆయన సంపుటాలు ఇక్కడ చాలా వచ్చాయి. కుట్టు వేయమని ఒక బైండరుకి ఇచ్చాను. వారం తర్వాత వెళితే, చేనేతంతా చించి పారేసి, గోధుమ రంగు రెక్సిన్ అంటించి, గట్టిగా ఉంటుందని సంతోషంగా చేతికిచ్చాడు. ఏమీ అనలేకపోయాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. అమ్మ చూసి, తన పాత మంగళగిరి చీర కొంగు కొలతకి కత్తిరించి, అంచు వెన్ను మీదికి వచ్చేట్టు తొడుగు కుట్టి ఇచ్చింది. ఇప్పుడు అది అలమారలో మిగతావాటితో కలిసిపోయి ఉంటుంది.

కొత్తగా చదవాలనుకునేవారు లాల్ కూర్చిన 1969 నాటి కవితా సంకలనం ‘మోడర్న్ ఇండియన్ పొయెట్రీ ఇన్ ఇంగ్లిష్’తో మొదలుపెట్టండి, యూనివర్సిటీ లైబ్రరీల్లో దొరుకుతుంది. ఇంగ్లీషులో రాసే భారతీయ కవిత్వం ఎటూ పోని సందు అని బెంగాలీ కవి బుద్ధదేవ బోస్ రాస్తే, లాల్ ఆ మాటనే ప్రశ్నగా మార్చి కవులకి పంపి, 132 మంది కవితలతో, వచ్చిన జవాబులతో కలిపి వేశారు. ఆ జవాబులు కవితలకన్నా బాగుంటాయి. కొందరు కోప్పడ్డారు, కొందరు తలవంచి ఒప్పుకున్నారు. తెలుగులో రాసేవాళ్ళు కూడా ఏ భాష ఎవరిదన్న ఆ తగువు చదవాలి. ఆ తర్వాత దారువాలా, మహాపాత్ర. వాటితో పాటు ఎప్పుడూ పేరు వినని కవిది ఒకటి, బట్ట నచ్చి అయినా సరే, తీసుకోండి.