బిల్లిచ్చే ఎరువుల కొట్టు, అరువివ్వదు

మధురవాడలో జాకెట్లు కుట్టుకునేదానికి ఎరువుల కొట్టు సంగతెందుకని అడక్కండి. పద్మనాభం వైపు మా నాన్న ఇచ్చిన ఎకరం పది సెంట్లు ఉంది. వరసకి బాబాయి అయ్యే ఆయన కౌలుకి చేస్తున్నాడు. పాస్‌బుక్ నా పేరున ఉంది. యూరియాకి కటకట వచ్చినప్పుడల్లా పాస్‌బుక్ తెమ్మంటారు, వేలిముద్ర మిషన్ మీద వేలు పెట్టమంటారు. అందుకని ఖరీఫ్‌లో రెండు మూడు సార్లు మిషన్ పని ఆపి నేనే వెళ్తాను. నేను ఆపేది కుట్టు మిషన్ లెండి.

ఈ రివ్యూ అక్కడ కొత్తగా తెరిచిన కొట్టు గురించి, కానీ ముందు పాతదాని సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందటి వరకూ ఆ రోడ్డు మీద ఒకటే కొట్టు. పేరు రాయను, ఊళ్లో మళ్లీ తిరగాలి కదా. 45 కిలోల యూరియా బస్తా మీద 266 రూపాయల 50 పైసలని అచ్చేసి ఉంటుంది. అక్కడ 330. అదైనా ఉత్తినే చేతికి రాదు. మూడు బస్తాలు తీసుకుంటే నీళ్లలో కలిపి చల్లే నానో యూరియా సీసా ఒకటి తీసుకోవాలి, అదో 225. "సీసా మాకొద్దండి" అంటే "అయితే బస్తాలు లేవమ్మా" అనేవాడు. గొంతులో కోపం ఉండదు, నీళ్లు లేవన్నంత మామూలుగా చెప్తాడు. బిల్లు అడిగితే నవ్వేవాడు. మూడు బస్తాలకి 799 రూపాయల 50 పైసలు కావలసిన చోట 1,215 పెట్టి వచ్చిన రోజులున్నాయి.

నేను బస్సులో వస్తూ ఒకటే అనుకునేదాన్ని. నా దగ్గర జాకెట్ కుట్టించుకోవాలంటే ఫాల్ కూడా నా దగ్గరే కొనాలని పట్టుబడితే ఏమవుతుంది? మా వీధిలోనే ఇంకో నలుగురు టైలర్లున్నారు, రెండో రోజుకి నా షాపులో ఈగలు తోలుకోవాలి. అక్కడ ఆయనకా బాధ లేదు.

తర్వాత ఎదురుగా ఈ కొత్త కొట్టు తెరిచారు. నడిపేది అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన కుర్రాడు. గుమ్మం పక్కన నల్లబోర్డు. యూరియా 266.50, డీఏపీ 1,350, ఏది ఎన్ని బస్తాలు ఉందో పొద్దున్నే సుద్దముక్కతో రాస్తాడు. మిషన్‌లోంచి వచ్చిన చీటీ చేతికిస్తాడు. యాభై పైసలకి చిల్లర లేకపోతే అగ్గిపెట్టె ఇవ్వడు, తనే వదిలేస్తాడు. శ్రీకాకుళం సన్నాల వరి విత్తనం అడిగితే సంచికి కుట్టిన నీలం ట్యాగ్ చూపించి, "ఇది ధ్రువీకరించిన విత్తనం, సంచి పారేసినా ట్యాగ్ దాచుకోండి అమ్మా, మొలక రాకపోతే అదే మీ సాక్ష్యం" అన్నాడు. ఇంతకాలం ట్యాగ్‌కి రంగుంటుందని కూడా నాకు తెలియదు.

ఇంతకీ నాకు ముచ్చటేసింది ఈ కొట్టులో జరిగింది కాదు, రోడ్డుకి అవతల జరిగింది. మూడు వారాలు తిరక్కుండా పాత కొట్టులో 330 కాస్తా 280 అయింది. సీసా అంటగట్టడం ఆగింది. చీటీ కూడా మొదలైంది, అడిగితేనే అనుకోండి.

మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో లా చదువుతోంది. ఒకటి కొనాలంటే ఇంకోటి కొనాలని షరతు పెట్టడాన్ని 2002 నాటి కాంపిటీషన్ చట్టంలో టై-ఇన్ అంటారట. కానీ అది తప్పు కావాలంటే దానివల్ల పోటీకి చెప్పుకోదగ్గ దెబ్బ తగిలిందని తేలాలి. సీసా కోసం ఢిల్లీలో కాంపిటీషన్ కమిషన్ దాకా ఎవరెళ్తారు? మనకి దగ్గరగా పనికొచ్చేది 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు అంది. ధరలూ నిల్వలూ బోర్డు మీద రాయాలి, బిల్లివ్వాలి, యూరియా లాంటివి ప్రభుత్వం కట్టిన ధర దాటి అమ్మకూడదు. అంటే ఈ కుర్రాడు గొప్పేం చెయ్యడం లేదు, రాసి ఉన్నదే చేస్తున్నాడు. అదే మాకు గొప్పగా కనబడుతోంది.

"నీకేం మిగులుతుంది బాబూ?" అని ఓసారి అడిగాను. యూరియా బస్తాకి డీలరు మార్జిన్ పదహారు రూపాయలు కూడా రాదట, అందులోనే దింపుడు కూలి. విత్తనాలూ మందుల మీదే షాపు నడుస్తుందన్నాడు. పాత కొట్టాయన సీసాలెందుకు అంటగట్టేవాడో అప్పుడర్థమైంది. అర్థమైందని నా డబ్బులు తిరిగి రావు కదా.

లోపాలూ ఉన్నాయి. 2025 ఖరీఫ్‌లో యూరియా దొరక్క లైన్లు కట్టినప్పుడు ఇక్కడా మనిషికి ఒక్క బస్తానే. కత్తెర పట్టీ పట్టీ నా బొటనవేలు అరిగిపోయింది, మిషన్ మూడుసార్లు కాదంది. నా వెనకాల నాట్లేసిన చేతులు ఎన్నో, వాళ్లకీ అదే గొడవ. చివరికి నా ఉంగరపు వేలు ఒప్పుకుంది. ఇంకోటి, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి వరకూ షట్టరు దించేస్తాడు. పొలం పని ముగించుకుని వచ్చేవాళ్లకి అది ఏం వేళ?

అసలు లోపం అరువు. కొత్త కొట్టులో అరువు లేదు. డీఏపీకీ పురుగుమందుకీ బాబాయి దగ్గర డబ్బు లేక పాత కొట్టుకే వెళ్లి ఆరు వేల సరుకు తెచ్చాడు. వడ్డీ అడగరు. కళ్లంలో ధాన్యం వాళ్ల మనిషికే తూయాలి, అదీ ఒప్పందం. నా కౌలు గింజలూ తిండిగింజలూ పోగా పదిహేడు బస్తాలు అమ్మాడు. ఆ ఏడు మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,369, అంటే 75 కిలోల బస్తాకి 1,777. వాళ్లు కట్టింది 1,500. తేమ పేరు చెప్పి బస్తాకి రెండు కిలోల తరుగు వేరే. తరుగు వదిలేసినా నాలుగు వేల ఏడొందలు పైనే పోయింది. ఆరు వేల అరువుకి! యూరియాలో మిగిలిన నాలుగు వందలు చూసుకుని మురిసిపోయానే అనిపించింది.

"మద్దతు ధరకి కొనే రైతు సేవా కేంద్రానికి తోలొచ్చు కదా బాబాయ్" అన్నాను. "వచ్చే ఏడు అరువెవడిస్తాడు అమ్మాయ్, నువ్విస్తావేటి?" అన్నాడు.

బ్యాంకు అప్పుకి కౌలు కార్డు కావాలి, కార్డుకి నా సంతకం కావాలి. నేనే రెండేళ్లుగా దాటేస్తున్నాను, భూమికేమైనా అవుతుందేమోనని టెన్షన్. 2019లో వచ్చిన చట్టంలో ఒప్పందం 11 నెలలకే, నా హక్కుకి ఢోకా లేదని అమ్మాయి చదివి వినిపించాక ఈమధ్యనే పెట్టాను. బ్యాంకువాళ్లు ఏమంటారో చూడాలి. ఇస్తే ఈసారి డీఏపీ కూడా కుర్రాడి దగ్గరే.

నా తరఫున కొత్త కొట్టుకి నాలుగు స్టార్లు. బాబాయినీ అడిగాను. "మద్దేనం మూసేసే కొట్టుకి రెండు చాల్లే" అన్నాడు.